స్థానం–కాలం గ్రాఫ్ చదవడం ఎలా: ప్రకాశం బ్యారేజీ మీద ఒక నడక

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందుగదిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కొత్త బ్యాచ్ రాగానే మొదటిరోజు బోర్డు మీద ఒక గీత గీస్తాను. ఎడమ నుంచి కుడికి పైకి వెళ్తుంది, కాసేపు అడ్డంగా సాగుతుంది, మళ్లీ కిందికి దిగుతుంది. కింద ‘కాలం’, పక్కన ‘స్థానం’ అని రాస్తాను. ‘ఈ మనిషి ఏం చేశాడు?’ అని అడిగితే ప్రతి ఏడాదీ ఒకే జవాబు వస్తుంది: ‘కొండెక్కాడు సార్, పైన కాసేపు నడిచాడు, దిగిపోయాడు.’ పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలే ఈ మాట అంటారు. అందుకే ఇది తెలివికి సంబంధించిన లోపం అనుకోను. కంటికి అలవాటైన బొమ్మ అలాంటిది. గీత పైకి వెళ్తే ఎత్తు అనిపిస్తుంది.

ఆ గీతలో ఎత్తు ఎక్కడా లేదు. మనిషి ఏ క్షణంలో ఎక్కడున్నాడో మాత్రమే ఉంది. ఈ తేడాను మాటల్లో ఎన్నిసార్లు చెప్పినా నిలవదు కాబట్టి చేత్తో చేసి చూసే పద్ధతి చెబుతాను. ఒక గ్రాఫ్ కాగితం, పెన్సిల్, అవతలి వైపు కనిపించే ప్లాస్టిక్ స్కేలు, పాత పెళ్లి పత్రిక అట్ట ఒకటి దగ్గర పెట్టుకోండి.

ముందుగా అక్షాలు

గీత వైపు చూడకండి. కాసేపు అరచేతితో మూసేయండి. నిలువు అక్షం పక్కన ఏం రాసి ఉందో చదవండి. ‘స్థానం’ అని ఉందా, ‘వేగం’ అని ఉందా? ఈ ఒక్క మాట దగ్గర నేనే దెబ్బతిన్నాను. ఇంటర్ మొదటి ఏడాదిలో ‘అడ్డగీత అంటే నిశ్చలస్థితి’ అని బట్టీపట్టి పరీక్షకు వెళ్లాను. అక్కడ ఇచ్చింది వేగం–కాలం గ్రాఫ్. దాంట్లో అడ్డగీత ఉంటే బండి ఆగలేదు, ఒకే వేగంతో పోతోందని అర్థం. నేను ఆగిపోయిందని రాసి వచ్చాను. గీత ఒకటే అయినా అక్షం మారితే కథ పూర్తిగా మారిపోతుంది. అప్పటినుంచి అక్షం పేరు కింద పెన్సిల్‌తో గీత గీయనిదే ప్రశ్న మొదలుపెట్టను, పిల్లల్నీ పెట్టనివ్వను.

పేరు తర్వాత ప్రమాణాలు. మీటర్లా కిలోమీటర్లా, సెకన్లా నిమిషాలా? ఆ తర్వాత చాలామంది వదిలేసే సంగతి: జీరో ఎక్కడ, ఏ వైపు ప్లస్? ప్రశ్నలో చెప్పి ఉంటుంది, లేకపోతే మీరే ఒకటి అనుకొని జవాబు మొదట్లో ఒక వాక్యం రాయండి.

ఒక నడక గీసుకోండి

నాకు నచ్చిన ఉదాహరణ ప్రకాశం బ్యారేజీ. 1957లో పూర్తయింది. 70 గేట్లు, పొడవు సుమారు 1220 మీటర్లు. విజయవాడ కొస నుంచి సీతానగరం కొస దాకా రోడ్డు దాదాపు తిన్నగా ఉంటుంది, ఎత్తుపల్లాలూ లెక్కలోకి తీసుకోవాల్సినంత లేవు. మనకు కావలసింది సరిగ్గా ఇదే. విజయవాడ కొసను జీరో అనుకుందాం, సీతానగరం వైపు ప్లస్.

పొద్దున్నే ఒకాయన వాకింగ్‌కి బయలుదేరాడు. మొదటి 5 నిమిషాల్లో 400 మీటర్లు నడిచాడు. అక్కడ రెయిలింగ్ పట్టుకొని 3 నిమిషాలు నీళ్లు చూస్తూ నిలబడ్డాడు. 8వ నిమిషం నుంచి 14వ నిమిషం వరకు నడిచి 1000 మీటర్ల గుర్తు చేరాడు. ఎండ మొదలవడంతో అక్కడే వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో 22వ నిమిషానికి బయలుదేరిన చోటికి వచ్చేశాడు. దారిలో తను ఏ వేగం అందుకుంటే దాన్నే నిలకడగా ఉంచాడని అనుకుందాం.

అడ్డంగా 1 సెంటీమీటరుకు 2 నిమిషాలు, నిలువుగా 1 సెంటీమీటరుకు 100 మీటర్లు పెట్టుకుంటే కాగితంలో చక్కగా సరిపోతుంది. ఈ ఐదు బిందువులు పెట్టండి: (0, 0), (5, 400), (8, 400), (14, 1000), (22, 0). స్కేలుతో కలపండి. వచ్చిన బొమ్మ అచ్చం కొండలా ఉంటుంది. మనిషి నడిచింది మాత్రం చదునైన బ్యారేజీ మీద. కొండ ఎక్కడినుంచి వచ్చిందో ఈ కాగితం ముందు కూర్చొని ఒక్క నిమిషం ఆలోచించండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. ఇంద్రకీలాద్రి మెట్లెక్కే పెద్దావిడను ఊహించుకోండి. మెట్లు పైపైకే వెళ్తున్నాయి. ఆవిడ మాత్రం అలసిపోతూ, ప్రతి నిమిషానికీ ముందుకన్నా తక్కువ మెట్లు ఎక్కుతోంది. ఎన్నో మెట్టు మీద ఉందో నిలువుగా, కాలం అడ్డంగా గీస్తే ఆ గీత క్రమంగా చదునవుతుంది. కొండ నిటారుగానే ఉంది, చదునైంది గీతే.

పెళ్లి పత్రిక అట్టలో సందు

ఇక అసలు పని. అట్ట మధ్యలో అగ్గిపుల్ల మందాన ఒక నిలువు సందు కోయండి. గ్రాఫ్ ఎత్తంత పొడవు ఉండాలి. అట్టను గ్రాఫ్ మీద పెట్టి, సందు కాలం జీరో దగ్గర ఉండేలా చూసుకోండి. సందులోంచి గీత మొత్తం కనిపించదు, ఒక చిన్న నల్లచుక్క మాత్రమే కనిపిస్తుంది. ఇప్పుడు అట్టను మెల్లగా, ఒకే వేగంతో కుడికి జరపండి. చుక్క పైకి కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ పైకి కదులుతుంది, తర్వాత కిందికి జారి మొదటి చోటికి వస్తుంది.

ఆ చుక్కే మన వాకింగ్ మనిషి. సందే బ్యారేజీ. కాగితాన్ని పక్కకు తిప్పి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది: చుక్క ఎడమకూ కుడికీ మాత్రమే తిరుగుతుంది, రోడ్డు మీద మనిషిలాగే. అట్టను జరిపే మీ చేయి కాలం.

5 నుంచి 8 నిమిషాల మధ్య ఏం జరుగుతుందో రెండుసార్లు చేసి చూడండి. అట్ట జరుగుతూనే ఉంటుంది, చుక్క కదలదు. ‘పైన కాసేపు నడిచాడు’ అన్న పిల్లలు ఇక్కడ నాలుక కరుచుకుంటారు. గీత కుడికి సాగుతున్నంత మాత్రాన మనిషి ఎటో వెళ్తున్నట్టు కాదు. కుడికి వెళ్లేది కాలం, అది ఎవరి కోసమూ ఆగదు. నా అనుభవంలో ఈ అట్ట అరగంటలో చేసే పని నెల రోజుల నోట్సు చేయదు. దయచేసి ‘అర్థమైందిలే’ అనుకొని వదిలేయకుండా నిజంగా కోసి చూడండి.

వాలు లెక్కకట్టడం

చుక్క ఎంత త్వరగా కదిలిందో కొలవడానికి వాలు కావాలి. ఒక ముక్క మీద రెండు బిందువులు తీసుకోండి. స్థానంలో మార్పును కాలంలో మార్పుతో భాగించండి. ఎప్పుడూ తర్వాతి విలువలోంచి ముందు విలువ తీసివేయాలి, పైనా కిందా ఒకే వరుసలో.

మొదటి ముక్క: 400ను 5తో భాగిస్తే నిమిషానికి 80 మీటర్లు. రెండో ముక్క: మార్పు జీరో, వేగం జీరో. మూడో ముక్క: 1000 లోంచి 400 పోతే 600, దాన్ని 6తో భాగిస్తే నిమిషానికి 100 మీటర్లు. నాలుగో ముక్క: జీరోలోంచి 1000 పోతే మైనస్ 1000, దాన్ని 8తో భాగిస్తే మైనస్ 125.

ఆ మైనస్‌ను చూసి భయపడి తుడిచేసేవాళ్లు చాలామంది. అది ఉండాల్సిందే. మనిషి విజయవాడ వైపు తిరిగి వస్తున్నాడని చెప్పేది అదొక్కటే. వడి, అంటే దిశతో పనిలేని జోరు, ఎంత అని అడిగితే 125 అనండి, వేగం ఎంత అని అడిగితే మైనస్‌తో కలిపి చెప్పండి. నాలుగు ముక్కల్లో అతను అందరికన్నా జోరుగా నడిచింది ఈ చివరి ముక్కలోనే. గీత కూడా అక్కడే అన్నిటికన్నా నిటారుగా ఉంది. పైకా కిందికా అన్నది దిశ, ఎంత నిటారుగా అన్నది వడి. ఈ రెండింటినీ విడివిడిగా చూడటం అలవాటు చేసుకోండి.

మొత్తం నడిచిన దూరం 2000 మీటర్లు. 22 నిమిషాలతో భాగిస్తే సగటు వడి నిమిషానికి దాదాపు 91 మీటర్లు. స్థానభ్రంశం మాత్రం జీరో, కాబట్టి సగటు వేగం జీరో. అంత చెమట పట్టాక జీరో ఏంటి సార్ అని పిల్లలు గొడవపెడతారు. బయలుదేరిన చోటే ఉన్నాడు కదా, స్థానభ్రంశం అడిగేది ఆ ఒక్క సంగతే.

సెకన్లలో కావాలంటే 60తో భాగించండి: 80 అంటే సెకనుకు సుమారు 1.33 మీటర్లు. పరీక్షలో అక్షం నిమిషాల్లో ఉండి, జవాబు సెకన్లలో అడగడం మామూలే.

జీరో కింద ఉన్న గీత

అదే వాకింగ్‌ను బ్యారేజీ మీద 600 మీటర్ల గుర్తు దగ్గర నిలబడ్డ ఆయన భార్య తన చోటును జీరోగా పెట్టుకొని గీసిందనుకోండి. బిందువులన్నీ 600 తగ్గుతాయి. బయలుదేరినప్పుడు ఆయన మైనస్ 600 దగ్గర ఉన్నాడు, నీళ్లు చూసినప్పుడు మైనస్ 200 దగ్గర. గ్రాఫ్ మొత్తం కిందికి జారింది, కానీ వాలులు మళ్లీ లెక్కపెడితే 80, 0, 100, మైనస్ 125 అవే వస్తాయి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది, గీత అడ్డ అక్షం కింద ఉంటే మనిషి జీరోకు అవతలి వైపు ఉన్నాడని మాత్రమే. వెనక్కి వస్తున్నాడని కాదు. మొదటి 5 నిమిషాలూ గీత జీరో కిందే ఉంది, వేగం మాత్రం ప్లస్. ‘ఎక్కడ ఉన్నాడు’, ‘ఎటు వెళ్తున్నాడు’ అన్నవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిదానికి గీత ఎంత ఎత్తులో ఉందో చూడాలి, రెండోదానికి ఎటు వాలిందో చూడాలి.

గీత వంగితే

ఇప్పటిదాకా స్కేలు గీతలు. నిజం బండ్లు అలా ఉన్నట్టుండి 80 అందుకోవు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర గ్రీన్ సిగ్నల్ పడగానే కదిలిన బైకును తీసుకుందాం. రెండేసి సెకన్లకు దాని స్థానం: 0, 2, 8, 18, 32, 50 మీటర్లు. ఇవి లెక్క కోసం నేను వేసిన అంకెలు. బిందువుల్ని స్కేలుతో కలపకండి, చేత్తో మెత్తగా కలపండి. గీత మొదట నేలబారుగా మొదలై క్రమంగా నిటారుగా లేస్తుంది. ఒక్కో రెండు సెకన్లకు కదిలిన దూరాలు చూస్తే 2, 6, 10, 14, 18. పెరుగుతూ పోతోంది, అంటే వేగం పెరుగుతోంది.

సరిగ్గా 6వ సెకను దగ్గర వేగం ఎంత? మొత్తం 50 మీటర్లను 10తో భాగిస్తే సగటు 5 వస్తుంది, మనకు కావలసింది అది కాదు. 6వ సెకను బిందువు దగ్గర స్పర్శరేఖ, అంటే వంపును అక్కడ ఒరుసుకుంటూ పోయే తిన్నని గీత, గీయాలి. స్కేలును ఆ బిందువుకు ఆనించి మెల్లగా తిప్పండి. వంపుకీ స్కేలుకీ మధ్య ఖాళీ రెండు పక్కలా ఒకేలా విచ్చుకుంటున్నట్టు కనిపించే చోట ఆపి పొడుగ్గా గీత గీయండి. చిన్న గీత గీస్తే చదవడంలో తప్పు పెరుగుతుంది. బాగా గీస్తే ఆ గీత కాలం అక్షాన్ని 3వ సెకను దగ్గర తాకుతుంది, 9వ సెకను దగ్గర 36 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 36ను 6తో భాగిస్తే సెకనుకు 6 మీటర్లు. సరిచూసుకోవడానికి 5వ, 7వ సెకన్ల స్థానాలు మీ వంపు మీద చదవండి: 12.5, 24.5 దరిదాపుల్లో రావాలి. తేడా 12, రెండు సెకన్లు, మళ్లీ 6.

చేతి వాటం కుదరనివాళ్లకు ఇంకో ఉపాయం. చిన్న అద్దం ముక్కను ఆ బిందువు దగ్గర గీతకు అడ్డంగా నిలబెట్టండి. వంపూ అద్దంలో దాని నీడా విరగకుండా ఒకే గీతలా కలిసిపోయే వరకు అద్దాన్ని తిప్పండి. అప్పుడు అద్దం అంచు వెంట గీత గీసి, దానికి లంబంగా ఇంకోటి గీస్తే అదే స్పర్శరేఖ.

వంపు ఎటు ఉందో చెప్పడానికి మా క్లాసులో వంటింటి గిన్నె వాడతాం. వెల్లకిలా పెట్టిన గిన్నెలా ఉంటే త్వరణం (వేగం మారే రేటు) ప్లస్, బోర్లించిన గిన్నెలా ఉంటే మైనస్. ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పు జరిగేది ఆ తర్వాత: మైనస్ అనగానే ‘నెమ్మదిస్తోంది’ అని రాసేస్తారు. బోర్లించిన గిన్నె ఎడమ సగం చూడండి, గీత ఎక్కుతూ చదునవుతోంది, అంటే ముందుకు వెళ్తూ నెమ్మదిస్తోంది. నడిమధ్య, సరిగ్గా ఎత్తైన చోట, స్పర్శరేఖ అడ్డంగా ఉంటుంది, ఆ ఒక్క క్షణం వేగం జీరో. కుడి సగంలో గీత దిగుతూ నిటారుగా అవుతోంది, అంటే వెనక్కి వస్తూ వడి పెంచుతోంది. గిన్నె ఒకటే, త్వరణం మొత్తం మైనస్సే, కానీ ఒక సగంలో నెమ్మదించింది, రెండో సగంలో జోరందుకుంది. పైకి విసిరిన బంతి గ్రాఫ్ ఇదే. కాబట్టి జోరా నెమ్మదా అని అడిగితే గిన్నె వైపు చూడకండి, గీత ఇంకా నిటారుగా అవుతోందా, చదునవుతోందా అన్నది చూడండి.

నిలువుగా నిలబడ్డ గీత కనిపిస్తే అది తప్పు గ్రాఫ్. ఒకే క్షణంలో మనిషి బ్యారేజీ అంతా ఉండలేడు. వెనక్కి, అంటే ఎడమకు, మళ్లే గీత కూడా అంతే.

రెండు గీతలు ఒకే కాగితం మీద

విజయవాడ, గుంటూరు స్టేషన్ల మధ్య రైలు దారి దాదాపు 32 కిలోమీటర్లు. విజయవాడను జీరో అనుకోండి. 6 గంటలకు ఒక రైలు అక్కడ బయలుదేరింది, 6:12కి గుంటూరులో ఇంకోటి. రెండూ గంటకు 40 కిలోమీటర్ల నిలకడ వడితో వస్తున్నాయనుకుందాం. మొదటి రైలు గీత జీరో నుంచి ఎక్కుతుంది, రెండోది 32 దగ్గర మొదలై దిగుతుంది. గీస్తే 6:30కి 20 కిలోమీటర్ల దగ్గర కలుస్తాయి. లెక్క కూడా అదే చెబుతుంది: 6:12కి మొదటిది 8 కిలోమీటర్లు వచ్చేసింది, మిగిలిన 24 కిలోమీటర్లను ఇద్దరూ కలిసి గంటకు 80 చొప్పున తింటే 18 నిమిషాలు.

గీతలు కలిసిన చోట రెండూ ఒకే క్షణంలో ఒకే చోట ఉన్నాయి. వాటి వేగాలు ఒకటే అని కాదు. వేగాలు ఒకటైతే గీతలు సమాంతరంగా ఉంటాయి, ఎప్పటికీ కలవవు. ఈ ప్రశ్న పోటీ పరీక్షల్లో తిప్పి తిప్పి అడుగుతారు.

రైల్వేలో సెక్షన్ కంట్రోలర్లు రైళ్లను నడిపించిన చార్టు సరిగ్గా ఈ గ్రాఫే: ఒక పక్క వరుసగా స్టేషన్లు, ఇంకో పక్క టైము, ఒక్కో రైలుకు ఒక్కో గీత. ఒకప్పుడు పెన్సిల్‌తో గీసేవాళ్లు, ఇప్పుడు కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. మంగళగిరి దగ్గర ఒక ప్యాసింజర్ గీత అడ్డంగా సాగి, దాన్ని వెనక నుంచి వచ్చిన నిటారైన గీత దాటుకొని పోయిందంటే, ప్యాసింజర్‌ను పక్క లైన్లో ఆపి ఎక్స్‌ప్రెస్‌ను వదిలారన్నమాట. రైల్లో కూర్చొని ‘ఎందుకు ఆపాడో’ అని మనం విసుక్కునే ఆ పది నిమిషాలు అక్కడ ఒక చిన్న అడ్డగీత.

వరండాలో

చదవడం వచ్చిందో లేదో తేల్చుకోవడానికి గ్రాఫ్‌ను నడిచి చూడండి. వరండాలో టైల్సుకు వరుసగా అంకెలు పెట్టుకోండి, ఒక్కో టైలు ఒక ప్రమాణం. ఇంట్లో ఎవరినైనా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ప్రతి 2 సెకన్లకు ‘ఆఁ’ అనమనండి. ముందు ఒక గ్రాఫ్ గీయండి: 2వ టైలు దగ్గర మొదలు, 4 సెకన్లు నిలబడటం, తర్వాత 6 సెకన్లలో 8వ టైలుకు, అక్కణ్నుంచి 4 సెకన్లలో జీరోకు. ఇప్పుడు కాగితం చూస్తూ నడవండి. చూసేవాళ్లు ప్రతి ‘ఆఁ’కీ మీరు ఏ టైలు మీద ఉన్నారో రాయాలి. 2, 2, 2, 4, 6, 8, 4, 0 రావాలి. చాలామంది మొదటిసారి 2 దగ్గర మొదలుపెట్టకుండా జీరో దగ్గర నిలబడతారు, ఎందుకంటే బయలుదేరడమంటే జీరో నుంచే అని మనసులో ఉంటుంది. కొందరు మొదటి 4 సెకన్లు ఆగలేక కదిలిపోతారు.

ఆ తర్వాత పాత్రలు మార్చండి. ఇంట్లోవాళ్లు ఇష్టమొచ్చినట్టు నడుస్తారు, మీరు వాళ్లను చూసి గ్రాఫ్ గీస్తారు. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ నడకను ఇలా గీసి తెచ్చింది. తులసికోట దాకా మెల్లగా ఎక్కే గీత, అక్కడ పొడుగాటి అడ్డగీత, గుమ్మం దాకా మళ్లీ దిగే గీత. అడ్డగీత పక్కన పెన్సిల్‌తో ‘ప్రదక్షిణ, గీయడం కుదరలేదు’ అని రాసింది. కోట చుట్టూ తిరిగే నడక వరండా వెంట కొలిచే ఒకే అక్షంలో ఇమడదని తనకు తానే కనిపెట్టింది. రెండో అక్షం ఎందుకు కావాలో ఆరోజు క్లాసు ఆ కాగితంతోనే మొదలుపెట్టాను.